మళ్లీ మళ్లీ సీజ్ అయ్యే చైన్‌సా: షాపుకి ఇచ్చేముందు ఏం చూడాలి, వారంటీ ఎలా అడగాలి

బోరు కిట్ (సిలిండర్, పిస్టన్, రింగులు) మార్పించి నెల తిరక్కుండానే మళ్లీ సీజ్ అయిన, అంటే ఇంజన్ పట్టేసిన చైన్‌సా, అదే చెట్లు కోసే మోటారు రంపం మిషన్, మీ దగ్గర ఉంటే ఇది మీకోసమే. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు, ఇటు పాతపట్నం, మందస దాకా ఎవరిని కదిపినా ఇదే గోల. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరిని, జీడి తోటల్ని పడగొట్టి, గజపతి జిల్లా కొండల మీదకీ పోయింది కదా, పడిన చెట్లు తియ్యడానికి అప్పట్లో దొరికిన మిషన్ దొరికినట్టు కొన్నారు జనం. ఆ తర్వాత సరుగుడు కోతలకి, నీలగిరి కాంట్రాక్టులకి అదే అలవాటైపోయింది. మిషన్లు పెరిగాయి, వాటిని సరిగ్గా బాగుచేసేవాళ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

అసలు తిప్పలు ఎక్కడొస్తాయంటే, షాపుకెళ్లి "ఏం మార్చావన్నా?" అని అడుగుతాం, "పిస్టన్, రింగులు, బోరు" అంటాడు, డబ్బు కట్టి వచ్చేస్తాం. ఎందుకు పోయిందని అడగం, అతనూ చెప్పడు. పిస్టన్ దానంతటదే పాడవదు. నూనె అందకో, గాలి ఎక్కువ పీల్చో, దుమ్ము మింగో, వేడెక్కో గీతలు పడుతుంది. ఆ కారణం మిషన్‌లోనే ఉండగా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారిన పోతుంది, రెండోసారి మీదగ్గర డబ్బులు తీసుకోవడానికి షాపువాడికి ఓ అవకాశం దొరుకుతుంది, అంతే. వారంటీ గొడవల్లో కూడా తేలాల్సింది ఆ కారణమే: తప్పు మిషన్‌దా, వాడినవాడిదా?

విప్పకుండా మీరే చూడగలిగినవి

వారంటీ ఉన్న మిషన్ అయితే ఇంజన్ బోల్టుల జోలికి వెళ్లకండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ మాత్రం తియ్యొచ్చు, అవి వాడేవాడే చూసుకోవాలని మాన్యువల్‌లోనే ఉంటుంది.

ప్లగ్ మూతి లేత ఇటుక రంగులో ఉంటే పెట్రోలు, గాలి లెక్క బాగానే ఉన్నట్టు. నల్లగా తడితడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, చోక్ సగంలో ఉండిపోయిందో చూడాలి. ఇది తిప్పలు పెడుతుంది గానీ ఇంజన్‌ని చంపదు. తెల్లగా కాలిపోయినట్టుంటే మాత్రం ఆ రోజు కోత ఆపేయండి, పెట్రోలు చాలక గాలితో మండుతోందని అర్థం. మూతి మీద వెండి పొడిలా మెరుపు కనిపిస్తే అది అల్యూమినియం, అంటే పిస్టన్ ఇప్పటికే కరగడం మొదలైంది. ప్లగ్ గ్యాప్ చాలా చైన్‌సాలకి 0.5 మిల్లీమీటర్లు.

తర్వాత మిషన్ ఎప్పుడు, ఎలా ఆగుతోందో గమనించి రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరిగి, వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోందా? ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత ఒక్కసారి వదులు చేసి తాడు లాగండి. వెంటనే అందుకుంటే ట్యాంకులోకి గాలి వెళ్లే వెంట్ మూసుకుపోయినట్టు, అదేమంత ఖర్చు కాదు. అప్పటికీ అందుకోకపోతే, ప్లగ్‌లో స్పార్క్ కూడా లేకపోతే ఇగ్నిషన్ కాయిల్ మీద అనుమానపడాలి. (ఈ మూత పరీక్ష ఎండలో, బీడీ కాల్చేవాళ్ల మధ్య చెయ్యకండి బాబూ, కాగి ఉన్న సైలెన్సర్ మీద పెట్రోలు చిందనివ్వకండి. పక్కకెళ్లి చెయ్యండి.)

యాక్సిలరేటర్ వదిలేశాక కూడా ఇంజన్ కాసేపు పైకే తిరుగుతూ నెమ్మదిగా దిగుతోందంటే, లేదా నేల మీద పెట్టి పక్కకి వంచితే రేసు మారిపోతోందంటే, ఎక్కడో గాలి లీకు ఉందని చాలావరకు అనుకోవచ్చు. ఇది సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. షాపులో మిషన్ సరిగ్గా ఆ టైముకి బుద్ధిగా నడుస్తుంది, మీరు అబద్ధం చెప్పినట్టు మిగులుతారు.

పిస్టన్ ఏం చెబుతుంది

సైలెన్సర్ తీస్తే ఆ రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తుంది. వారంటీ మిషన్ అయితే మీరు తియ్యొద్దు, మెకానిక్‌ని మీ ఎదురుగా తియ్యమనండి. ఫోన్ టార్చి వేసి ఫొటో తీసుకోండి. ఎంత బిజీగా ఉన్నా ఇది పది నిమిషాల పనే, ఒప్పుకోనంటే అదే పెద్ద అనుమానం.

సైలెన్సర్ వైపే నిలువు గీతలు, అల్యూమినియం పూసినట్టు మరకలు ఉంటే నూనె తక్కువైంది, లేదా పెట్రోలు చాలక గాలి ఎక్కువైంది. కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) వైపు గరుగ్గా, మసకబారినట్టు అరిగి ఉంటే ఫిల్టర్ దాటుకుని దుమ్ము వెళ్లింది. మా సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో, నేల మీద పడిన కొబ్బరి మొద్దులు కోసేవాళ్లకి ఇదే ఎక్కువ. చుట్టూ నాలుగు పక్కలా గీతలుంటే ఇంజన్ మొత్తం కాగిపోయింది, ముందు స్టార్టర్ కవర్ తీసి సిలిండర్ రెక్కల మధ్య చూడండి. చైన్ ఆయిల్‌తో కలిసిన రంపపు పొట్టు అక్కడ పిడకలా గడ్డకట్టి ఉంటుంది, గాలి ఆడే సందే ఉండదు.

ఈ మూడింటిలో ఏదో తేలకుండా కొత్త కిట్ వెయ్యనివ్వకండి.

పెట్రోలు, ఆయిల్: సగం గొడవలు ఇక్కడే

టూ స్ట్రోక్ ఇంజన్‌లో నూనె పెట్రోలుతోనే వెళ్లాలి, వేరే దారి లేదు. మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో 50కి 1 అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. చవక మిషన్ల మాన్యువళ్లలో చాలావాటిలో 25కి 1 అని ఉంటుంది, అంటే 40 మిల్లీలీటర్లు. మీ మిషన్ మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క, పక్కవాడి మిషన్ లెక్క కాదు. ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (JASO FD, టూ స్ట్రోక్ ఆయిల్ నాణ్యత గుర్తు) అని ఉందో లేదో చూడండి. పాత స్కూటర్ల కోసం బంకుల్లో అమ్మిన మామూలు టూటీ (2T) ఆయిల్ నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరిగే ఇంజన్‌కి సరిపోదు.

కొలత దగ్గరే అందరూ బోల్తా పడేది. "రెండు మూతలు పోశాను" అంటారు. మూత ఏ డబ్బాది? మెడికల్ షాపులో 20 మిల్లీల సిరంజి కొనుక్కోండి, సూది అక్కర్లేదు, లీటరుకి ఒకసారో రెండుసార్లో నింపి కొట్టండి, పీడా పోతుంది. ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిల్, మూత పెట్టి బాగా గిలక్కొట్టి, మిగతా పెట్రోలు. మిషన్‌లో పోసే ప్రతిసారీ మళ్లీ గిలక్కొట్టండి. డబ్బా మీద తేదీ, ఎంత ఆయిల్ కలిపారో మార్కర్‌తో రాయండి. కూలీలు నలుగురు ఒకే మిషన్ వాడేచోట కలపనిది ఒక డబ్బా, కలిపింది ఒక డబ్బా పక్కపక్కనే ఉంటాయి. ఒక్క ట్యాంకు ఉత్త పెట్రోలు పడితే చాలు, ఇంజన్ ఆ రోజుతో సరి.

ఇంకో సంగతి ఇథనాల్. రేటు తక్కువని ఒడిశా వైపు బంకులో కొట్టించినా, ఆంధ్రా వైపు కొట్టించినా 2025 నుంచి మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. చాలా చైన్‌సాల మాన్యువళ్లలో 10 శాతం దాకానే అని ఉంటుంది. ఇథనాల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది, రబ్బరు పైపుల్ని, కార్బొరేటర్‌లో పెట్రోలుని అందించే పల్చటి పొర, డయాఫ్రమ్‌ని గట్టిపరుస్తుంది. డయాఫ్రమ్ బిగుసుకుంటే పెట్రోలు తక్కువ వస్తుంది, పెట్రోలు తగ్గితే దానితో వచ్చే నూనే తగ్గుతుంది, చివరికి దెబ్బ పిస్టన్ మీదే. అందుకని వానాకాలంలో కలిపింది రెండు మూడు వారాలకి మించి దాచకండి. అనుమానం వస్తే కొంచెం గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి, పొద్దునకి అడుగున వేరే పొర కనిపిస్తే పారబోయడమే. నెలకి పైగా పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఉన్న పెట్రోలు అయిపోయి ఆగేదాకా తిప్పి పెట్టండి.

గాలి లీకు, స్క్రూలు, కొండ ఎక్కిన మిషన్

ఆయిల్ సరిగ్గా కలిపినా సీజ్ అవుతోందంటే నా మొదటి అనుమానం క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర్ల ఉండే ఆయిల్ సీళ్ల మీద, కార్బొరేటర్‌కి సిలిండర్‌కి మధ్య ఉండే రబ్బరు బూటు మీద. అక్కడ వెంట్రుకంత పగులు ఉన్నా అదనపు గాలి లోపలికి పోతుంది. దీన్ని కంటితో పట్టలేం. సైలెన్సర్ రంధ్రం, కార్బొరేటర్ రంధ్రం మూసేసి, మీటరున్న చేతి పంపుతో సుమారు అర బార్ ఒత్తిడికి గాలి పెట్టి, మీటరు ముల్లు దిగుతుందా లేదా చూడాలి. దిగితే సబ్బు నీళ్లు పూస్తే బుడగలు ఎక్కడొస్తే అక్కడే లీకు. తర్వాత అదే పంపుతో గాలి లాగి కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని సీళ్లు బయటికి పట్టి ఉంటాయి గానీ లోపలికి వదిలేస్తాయి. రెండోసారి సీజ్ అయిన మిషన్‌కి ఈ పరీక్ష చెయ్యకుండా కిట్ వేసే మెకానిక్ దగ్గర మిషన్ వెనక్కి తీసుకోండి. మొహమాటపడకండి.

ఇక కార్బొరేటర్ స్క్రూలు. హెచ్ అని రాసి ఉన్నది ఫుల్ రేసుకి, ఎల్ చిన్న రేసుకి. మా వైపు మిషన్లకి ప్రత్యేకంగా వచ్చే సమస్య ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. కోరాపుట్ వైపు, గజపతి జిల్లా కొండల మీద పనికి మిషన్ పట్టుకెళ్తారు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పల్చన కాబట్టి మిషన్ గొణుగుతుంది, పొగ వదులుతుంది. అక్కడి కుర్రాడు హెచ్ స్క్రూ కాస్త బిగించి పెట్రోలు తగ్గిస్తాడు, మిషన్ జమ్మని పాడుతుంది, అందరికీ హ్యాపీ. అదే మిషన్ పని అయ్యాక పలాస వైపు సముద్రమట్టానికి దిగుతుంది. కింద గాలి చిక్కన, స్క్రూ మాత్రం కొండ మీద బిగించినట్టే ఉంది. ఎండలో సరుగుడు మొద్దు మీద ఫుల్ రేసు పెడితే పట్టేయక ఏం చేస్తుంది? కొండ మీద తిప్పిన స్క్రూని కిందికి రాగానే వెనక్కి తిప్పాలి. ఎంత తిప్పారో గుర్తుండాలంటే తిప్పేముందు స్క్రూ నోరు ఎటు ఉందో ఫొటో తీసుకోవడమే సులువు. ఈ స్క్రూలకి ప్లాస్టిక్ మూతలుండే మిషన్లలో వారంటీ ఉన్నన్నాళ్లు వాటిని పీకకండి, పీకితే వారంటీ ఇవ్వకపోవడానికి అదే సాకు.

మొద్దుబారిన చైన్ గురించి అందరికీ తెలిసిందే గనుక ఒక్కమాటే: పొట్టు రేకులుగా కాకుండా పొడిగా రాలుతోందంటే ఇంజన్ మీద బరువు పడుతోంది, ఆకురాయి పట్టండి. చైన్ బ్రేక్ పడి ఉండగా రేసు ఇచ్చే అలవాటు కూడా మానుకోవాలి, క్లచ్ కాగి పక్కనున్న ఆయిల్ పంపుని కరిగించేస్తుంది.

కిట్ వేసేటప్పుడు పక్కన నిలబడితే

పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు ఉంటుంది, అది సైలెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే రింగు కొన రంధ్రంలో తగులుకుని విరుగుతుంది. చవక మిషన్లలో 52 సీసీ కిట్ బోరు అడ్డకొలత 45 మిల్లీమీటర్లు, 58 సీసీది 45.2. షాపులో డబ్బాలు కలిసిపోతాయి, చూడ్డానికి రెండూ ఒకటే. పిస్టన్ ఒక్కటే మార్చి పాత బోరు ఉంచుతున్నాడంటే కొలిచి వేస్తున్నాడో లేదో అడగండి, బోరు మీద అంటుకున్న పాత అల్యూమినియం తియ్యకుండా వేస్తే అది కొత్త పిస్టన్‌ని గీకుతుంది. పాత పిస్టన్ పొడి కింద క్రాంక్ బేరింగుల్లో ఉండిపోతుంది, అది కడిగించారా అన్నది కూడా అడగాలి.

వారంటీ: కాగితం బలం

ఇక్కడ సరిహద్దు తలనొప్పి వేరు. మిషన్ శ్రీకాకుళంలోనో పలాసలోనో కొంటాం, ఉండేది పర్లాకిమిడి. ఇక్కడి సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్తే "కొన్నచోటే చూపించుకో బాబూ, అది మా ఏరియా కాదు" అంటారు, కొన్నచోటికెళ్తే "మేం అమ్ముతామంతే, సర్వీసు బరంపురం" అంటారు. మధ్యలో బస్సు చార్జీలు మనవి. వారంటీ ఇచ్చేది కంపెనీ, అమ్మిన షాపు ఒక్కటే కాదు. కార్డు మీద ఈ జిల్లాకే, ఈ షాపుకే అని లేకపోతే, కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి "నాకు దగ్గర్లో ఏ సెంటర్‌లో ఇవ్వాలో రాసి పంపండి" అని అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఆ జవాబు ప్రింటు తీసుకెళ్తే కౌంటర్ దగ్గర మాట మారుతుంది.

కొనేరోజే బిల్లు మీద మిషన్ సీరియల్ నంబరు రాయించండి, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించండి, రెంటికీ ఫొటో తియ్యండి. థర్మల్ బిల్లు ఆరు నెలల్లో తెల్లబడిపోతుంది. కార్డులో సొంత వాడకానికి ఇంత, కూలి, కాంట్రాక్టు పనులకి ఇంత అని రెండు గడువులు ఉండొచ్చు, కొనేముందే చదవండి. ప్లగ్, ఫిల్టర్, చైన్, బార్, స్టార్టర్ తాడు లాంటివి మామూలుగా వారంటీలోకి రావు, వాటి మీద గొడవపడి పరువు పోగొట్టుకోకండి.

మిషన్ రిపేరుకి ఇచ్చిన ప్రతిసారీ షాపు రాసిచ్చే జాబ్ కార్డు (ఏం రోగమో రాసే చీటీ) తీసుకోవాలి. అందులో "స్టార్టింగ్ ట్రబుల్" అని ముక్తసరిగా రాయనివ్వకండి. "పది నిమిషాలు తిరిగాక ఆగుతోంది, కంప్రెషన్ లేదు, గతంలో పిస్టన్ మార్చిన తేదీ ఇది" అని రాయించండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఏం మార్చారో, కారణం ఏమని తేల్చారో రాయమనండి, పాత భాగాలు అడిగి తెచ్చుకోండి. ఉచితంగా మార్చిన భాగాలు కంపెనీకి పంపాలంటారు, అప్పుడు ఫొటోలైనా దక్కుతాయి. "ఆయిల్ తక్కువ కలిపారు, వారంటీ రాదు" అని నోటితో అంటే ఊరుకోకండి, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ట్యాంకులో ఉన్న పెట్రోలు కొంచెం వాళ్ల ఎదురుగానే సీసాలో తీసి ఉంచండి. వాళ్లు ఆయిల్ లేదన్నారు కదా, ఉందో లేదో తర్వాత చూపించడానికి పనికొస్తుంది.

మూడోసారీ అదే రోగంతో ఆగితే రిపేరు అడగడం మానేసి, మిషన్ మార్చమనో డబ్బు వెనక్కివ్వమనో మెయిల్‌లో అడగండి, పదిహేను రోజుల గడువు పెట్టండి. జవాబు రాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు, చాలా కంపెనీలు ఈ దశలోనే దిగొస్తాయి. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, అంటే ఆంధ్రాలో కొన్నా గజపతి జిల్లావాళ్లు పర్లాకిమిడిలోనే, రాయగడవాళ్లు రాయగడలోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. ఈ కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి. "మీరు వ్యాపారానికి వాడారు, వినియోగదారుడే కాదు" అని అవతలి వకీలు అంటాడు, తప్పకుండా అంటాడు. సొంతంగా చెట్లు కోసుకుని పొట్టపోసుకునేవాడు తన బతుకుతెరువు కోసం కొన్నది వ్యాపారం కిందకి రాదని ఆ చట్టంలోనే వివరణ ఉంది. పదిమంది కూలీల్ని పెట్టి నాలుగు మిషన్లు తిప్పే కాంట్రాక్టరుకి మాత్రం ఈ వాదన కష్టం.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చూసుకోండి. పిస్టన్ సైలెన్సర్ వైపే గీకి ఉంది, సీళ్ల పరీక్ష బాగానే తేలింది, డబ్బాలో ఆయిల్ రంగే లేదు అంటే అది మిషన్ తప్పు కాదు, కేసు వేసి చెప్పులు అరగదియ్యడం కన్నా రిపేరుకి ఇచ్చేయడమే లాభం. చవక 58 సీసీ మిషన్‌కి కిట్ రెండు వేల లోపే దొరుకుతుంది, సీళ్లతో సహా వేయించండి. క్రాంక్ బేరింగు కూడా మోగుతుంటే దాని మీద ఇంక ఖర్చు పెట్టకండి, భాగాలకి అమ్మేయండి.

బాగైన మిషన్ తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గర ఒకసారి తాడు లాగి "బాగుంది" అని వచ్చేయకండి. మీరు కలిపిన పెట్రోలే పోయించి, షాపు వెనక ఏదో ఒక మొద్దు మీద పది నిమిషాలు కోయించండి, కొత్త పిస్టన్ కాబట్టి ఉత్తినే ఫుల్ రేసు ఇవ్వకుండా. వేడి మీదే ఆపి, రెండు నిమిషాలాగి మళ్లీ తాడు లాగించండి. వేడిలో అందుకోకపోతే మిషన్ అక్కడే వదిలి, జాబ్ కార్డులో ఆ మాట రాయించుకుని రండి.